మనం గెలిచినమా, ఆంటీ?

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. బంతిని చేత్తో తాకకూడదని తెలుసు, గోల్‌లో పడితే అరుస్తారని తెలుసు. అంతే. అయినా ఆ ఏడాది చలికాలమంతా మా కాలేజీ జట్టు ఆడిన ప్రతి మ్యాచ్‌కీ మైదానం గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, మందుల బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

దుబాయ్‌కి ఉత్తరాన, రాస్ అల్ ఖైమాలో ఒక ప్రైవేటు కాలేజీకి నర్సుని నేను. కరోనా తగ్గాక మొదలైన మొదటి సీజన్ అది. ప్రతి జట్టుతోనూ వైద్యం తెలిసినవాళ్లు ఒకరు ఉండాలనీ, దెబ్బ తగిలిన ఆటగాణ్ణి వాళ్లు వద్దంటే రిఫరీ మైదానంలోకి రానివ్వడనీ పోటీలు నడిపేవాళ్లు కొత్తగా నియమం పెట్టారు. మా కాలేజీలో వైద్యం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అంతకు ముందు ఒక ఆస్పత్రిలో కోవిడ్ వార్డులో పనిచేసి, ఒళ్లూ మనసూ అలిసిపోయి ఈ ఉద్యోగంలో చేరాను. తలనొప్పి మాత్రలు, పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పులు, బెణికిన కాళ్లు. ఇక హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాను. తీరా చూస్తే విజిల్ మోగిన ప్రతిసారీ గుండె గొంతులోకి వచ్చే పని అప్పగించారు.

మైదానం కాలేజీ వెనక, కొండల వైపు ఉండేది. అటునుంచి గాలి వీస్తే క్వారీల దుమ్ము గడ్డి మీద తెల్లగా పేరుకునేది. పిల్లలు చాలాకాలం ఇళ్లలో స్క్రీన్ల ముందు కూర్చుని చదివినవాళ్లు కావడంతో పది నిమిషాలు పరిగెత్తితే రొప్పేవాళ్లు. మొదటి మ్యాచ్‌లు ఘోరంగా ఓడిపోయారు. కోచ్ ఈజిప్టు నుంచి వచ్చిన పెద్దమనిషి. అరిచి అరిచి ఆయన గొంతు ఎప్పుడూ బొంగురుపోయి ఉండేది. ఈ సీజన్ ఎలా సాగుతుందో చూసి ఆటల విభాగాన్ని ఉంచాలో తీసేయాలో తేలుస్తామని యాజమాన్యం ఆయనకు ముందే చెప్పిందట. ఆ సంగతి పిల్లలకూ తెలుసు. అందుకేనేమో ప్రాక్టీసులో ఒక్క నవ్వూ వినిపించేది కాదు.

జట్టులో ఒక్కడే తెలుగు కుర్రాడు. ఇంజినీరింగ్ రెండో ఏడాది, పొడగరి, డిఫెండర్. మడమ బెణికి నా దగ్గరికి వచ్చిన రోజు నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. కుంటుతూనే గుమ్మంలో ఆగి, "ఆంటీ, మీరు తెలుగా?" అన్నాడు. వాళ్లది నిజామాబాద్ వైపు పల్లె. తండ్రి కూలీగా వచ్చి ఏళ్ల తరబడి లేబర్ క్యాంపుల్లో ఉండి, తర్వాత అబూ ధాబీకి పడమర రువైస్‌లో రిఫైనరీ పనిలో ఫోర్‌మన్ అయ్యాక కుటుంబాన్ని తెచ్చుకున్నాడు. కుర్రాడు ఊహ తెలియని వయసులోనే వచ్చి అక్కడి కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగాడు. తెలుగు రాయడం రాదు. మాట్లాడితే సగం నిజామాబాదు, సగం హిందీ. ఆ తర్వాత దెబ్బలేమీ తగలకపోయినా రెండు తెలుగు ముక్కలు మాట్లాడిపోదామని క్లినిక్‌కి వచ్చేవాడు.

అతని బలం తల. అవతలివాళ్లకు కార్నర్ దొరికి, మైదానం మూల నుంచి కొట్టిన బంతి గాల్లో మన గోల్ వైపు వస్తుంటే, గుంపులోంచి ఇతనొక్కడే ఒక జానెడు పైకి లేచేవాడు. బంతి నుదుటికి తగిలి ఎటో దూరంగా పోయేది. కోచ్ అతన్ని గోల్ ముందు నిలబెట్టడం మొదలుపెట్టాక జట్టు కుదురుకుంది. ఒకటి డ్రా చేసుకున్నారు, తర్వాత వరసగా గెలిచారు. ఆ జనవరిలోనే దేశమంతా వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారింది. మ్యాచ్ తేదీలన్నీ తారుమారయ్యాయి. ఆ గందరగోళంలోనే మా జట్టు సెమీఫైనల్ అంచుకు చేరింది. షార్జాలో ఆడబోయే చివరి లీగ్ మ్యాచ్ గెలిస్తే చాలు.

ఆ సాయంత్రం మనవాళ్లు ఒక గోల్ ముందున్నారు. ఆట ఇక ముగుస్తుందనగా అవతలివాళ్లకు కార్నర్ దొరికింది. బంతి వచ్చింది. ఇతను లేచాడు, అవతలి జట్టు కుర్రాడూ లేచాడు. కొబ్బరికాయ బండకేసి కొట్టినట్టు చప్పుడు నా కుర్చీ దాకా వినిపించింది.

పరిగెత్తాను. అవతలి కుర్రాడు నుదురు పట్టుకుని కూర్చున్నాడు. మావాడు వెల్లకిలా పడి ఉన్నాడు, కళ్లు మూసుకుని. నేను మోకాళ్ల మీద కూలబడి పిలిచేసరికి కళ్లు తెరిచాడు. మెడ కదిలించొద్దన్నాను. ఎక్కడున్నావని అడిగితే షార్జా అన్నాడు. ఎవరితో ఆడుతున్నామంటే చెప్పాడు. లేచి నిలబడ్డాడు కూడా. "నేను ఆడ్త ఆంటీ, ఏం గాలె" అన్నాడు. నేను రిఫరీ వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపి అతన్ని బయటికి తెచ్చేశాను. మిగిలిన కాసేపూ మనవాళ్లు ఎలాగో కాపాడుకున్నారు. విజిల్ మోగగానే కోచ్ గడ్డి మీద సాష్టాంగపడ్డాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా గోల. సీట్ల మీద దరువులు, అరవం, అరబ్బీ, హిందీ పాటలు. మావాణ్ణి ముందు సీట్లో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ముఖం ప్రశాంతంగా ఉంది. కాసేపటికి నా వైపు తిరిగి అడిగాడు.

"మనం గెలిచినమా, ఆంటీ?"

"గెలిచాం బాబూ. ఒకటి, సున్నా. సెమీస్‌కి వెళ్తున్నాం."

"మస్త్" అని నవ్వాడు.

ఎడారి మీద పొద్దు వాలుతోంది. షార్జా పొలిమేర దాటామో లేదో మళ్లీ నా వైపు తిరిగాడు. అదే నవ్వు, అదే గొంతు. "మనం గెలిచినమా, ఆంటీ?"

వేళాకోళమాడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. జవాబు చెప్పాను. మళ్లీ "మస్త్" అన్నాడు. మూడోసారి అడగకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. అడిగాడు.

డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. లేచి ఆయన దగ్గరికి వెళ్లాను.

"అన్నా, కాలేజీకి వద్దు. ముందు ఆస్పత్రికి పోనివ్వండి."

"ఏమైంది చెల్లె?"

"పోనివ్వండి అన్నా. అక్కడికెళ్లాక చెప్తాను."

ఆయన అద్దంలో కుర్రాణ్ణి చూశాడు. దారి మళ్లించాడు. వెనక పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

స్కాన్‌లో రక్తస్రావం ఏమీ లేదు. డాక్టరు కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వివరించాడు. తల లోపల మెదడు గట్టిగా అదిరింది, అది స్కాన్‌లో కనబడదు. తలనొప్పి పూర్తిగా పోయేదాకా పరుగు కూడా వద్దు. మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. కుర్రాడు బుద్ధిగా తలూపాడు. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్ల చెప్పకుర్రి ఆంటీ. అమ్మ ఏడుస్తది. నేనే చెప్త."

పందొమ్మిదేళ్లు నిండినవాడు. అతను వద్దన్నాక తల్లిదండ్రులకు ఫోన్ చేసే హక్కు నాకు లేదు. "నువ్వే చెప్పు, కానీ తప్పకుండా చెప్పు" అన్నాను.

సెమీఫైనల్ అబూ ధాబీలో, మఫ్రఖ్ దగ్గర ఒక మైదానంలో. శనివారం. మధ్యలో రెండు వారాల వ్యవధి. రోజూ క్లినిక్‌కి వచ్చి కనిపించమన్నాను. వచ్చేవాడు. మొదట్లో నొప్పి ఉందని ఒప్పుకున్నాడు. వారం గడిచాక, "ఖలాస్ ఆంటీ, పోయింది" అన్నాడు. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడ్డాడు. మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమంటే చెప్పాడు. వేలు వెంట కళ్లు తిప్పమంటే తిప్పాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కోచ్ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "సిస్టర్, మావాడు ఎలా ఉన్నాడు?" అని ఇంగ్లీషులో అడిగేవాడు. చూద్దాం అనేదాన్ని. ఆయన ముఖంలో ఆశ చూస్తే నాకు భయం వేసేది.

మ్యాచ్ ఇంకా రెండు రోజులుందనగా డ్రైవరు క్లినిక్‌కి వచ్చాడు. బీపీ చూడమన్నాడు. చూశాను. అయినా ఆయన లేవలేదు. తలుపు వైపొకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నేను చెప్పిన్నని చెప్పకు చెల్లె. పొల్లగాడు హాస్టల్ బస్సెక్కంగనే తలకాయ మీద జాకెట్ కప్పుకుంటుండు. ఎండ పడితె కండ్లు గట్టిగ మూస్తుండు. నిన్న నేను హారన్ కొడితె చెవులు మూసుకున్నడు."

"ఎన్నాళ్ల నుంచి అన్నా?"

"గా దెబ్బ తాకినకాన్నుంచి. ఆడకుంటె పాణం పోయినట్టయితది వానికి, నాకెరికె. గానీ చెప్పకుండ ఉండ బుద్ధి గాలె."

మర్నాడు కుర్రాణ్ణి అడిగితే నవ్వేశాడు. "నిద్ర సరిపోతలేదు ఆంటీ. అసైన్‌మెంట్లు." కావచ్చు కూడా. ఆ వయసు పిల్లలు బస్సులో ముసుగేసుకుని పడుకోవడం వింతేమీ కాదు. నా దగ్గర రుజువేమీ లేదు.

శనివారం పొద్దెక్కాక బయల్దేరాం. అతను వెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు. ఎండ అద్దాల్లోంచి సూటిగా లోపలికి పడుతోంది. నేను వెనక్కి తిరగకుండా డ్రైవరు ముందున్న పెద్ద అద్దంలోకి చూశాను. పిల్లలంతా ఫోన్లలో మునిగి ఉన్నారు. చివరి వరసలో నీలం జాకెట్ కప్పుకున్న ఒక తల. ఆ జాకెట్ ఎమిరేట్లు దాటినా కదల్లేదు.

పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు అతన్ని పక్కకు పిలిచాను.

"ఇవాళ నువ్వు ఆడవు బాబూ."

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు ముందుకు వేశాడు. "డాక్టర్ ఆడొచ్చన్నడు గదా."

"నొప్పి పోయాక అన్నాడు."

"పోయింది."

"పోలేదు నాన్నా."

"మీకెట్ల తెలుసు ఆంటీ? తలకాయ నాదా, మీదా?"

అతను ఈసారి బతిమాలుతున్నట్టు అన్నాడు. "మా నాయిన వస్తుండు. నేను ఆడంగ ఆయన ఎన్నడు చూడలే. షిఫ్ట్ మార్చుకుని, పక్కింటోళ్లను గూడ వ్యాన్ల ఏసుకొని వస్తుండు. ప్లీజ్ ఆంటీ. ఒక్క హాఫ్."

ఒక్క హాఫ్. ఒక్క క్షణం నా మనసు ఊగింది. ఆ మాట దాచను. కానీ ఆ కార్నర్లు ఏ హాఫ్‌లో వస్తాయో ఎవరికి తెలుసు? కాదన్నాను. అతను బస్సెక్కి మళ్లీ చివరి వరసకు వెళ్లిపోయాడు. కోచ్‌కి చెప్తే ఆయన ముఖం నల్లబడింది.

"స్కాన్ బాగుంది. మీ పరీక్షలన్నీ పాసయ్యాడు. ఇప్పుడు జాకెట్ కప్పుకున్నాడని ఆపుతారా? మీరు డాక్టర్ కాదు, సిస్టర్."

"కాదు సార్. కానీ రిఫరీ అడిగేది నన్నే."

మైదానానికి చేరేసరికి రువైస్ వ్యాను వచ్చి ఉంది. ఆడవాళ్లు డబ్బాలు దించుతున్నారు. ఎవరో డప్పు కూడా తెచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బక్కపలచని మనిషి బస్సు తలుపు దగ్గరే నిలబడి, దిగుతున్న ఒక్కొక్క కుర్రాణ్ణీ చూస్తున్నాడు. తండ్రి. కొడుకు దిగి ఏదో చెప్పాడు. తండ్రి ముఖం మారిపోయింది. నేరుగా కోచ్ మీదికి వచ్చాడు. హిందీలో మొదలెట్టాడు, కోపంలో తెలుగులోకి జారాడు.

"మంచిగ ఆడ్తలేడని కూసోబెడ్తవా? వీడు లేకుంటె మీరు ఈడిదాంక వచ్చెటోళ్లా? గంతదూరం కెల్లి వచ్చింది ఎందుకు?"

కోచ్‌కి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. చెయ్యెత్తి నన్ను చూపించాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఇంట్లో ఏమీ చెప్పలేదని. తండ్రి నా వైపు తిరిగాడు. నేను కొడుకునే చూశాను.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అతను నేల చూపులు చూస్తూ, "మీరే చెప్పుర్రి" అన్నాడు.

చెప్పాను. దెబ్బ, ఆస్పత్రి, స్కాన్. స్కాన్ బాగానే ఉందనగానే తండ్రి అందుకున్నాడు. "మంచిగుంటె మరి ఆడనియ్యుర్రి సిస్టర్! కూసోబెడ్తె తగ్గుతదా?" వెనక వ్యాను జనం కూడా గుమిగూడారు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను బస్సులో జరిగింది చెప్పాను. మనం గెలిచినమా అని అడిగాడని, జవాబు విని నవ్వాడని, మళ్లీ అదే అడిగాడని, మళ్లీ అడిగాడని.

తండ్రి కొడుకు వైపు తిరిగి, "నిజమేనారా?" అన్నాడు.

"నాకు యాదికి లేదు నాయినా."

"ఇప్పుడు నొస్తుందా?"

కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తండ్రి అతని మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆ చెయ్యి వదిలినట్టు నేను చూడలేదు.

ఆట మొదలైంది. అతని స్థానంలో ఫస్టియర్ కుర్రాడొకడు గోల్ ముందు నిలబడ్డాడు, సన్నగా, భయంభయంగా. కోచ్ నా వైపు తిరగనే లేదు. మనవాళ్లు ఎక్కడ లేని పట్టుదలతో ఆడారు. మొదటి సగంలోనే గోల్ కొట్టారు. మెట్ల మీద డప్పు మోగింది. నేను మాత్రం చప్పట్లు కొట్టలేకపోయాను. ఎవరి తలలు ఎంత దగ్గరగా లేస్తున్నాయో, అదే చూస్తున్నాను.

విరామంలో మంచినీళ్ల డబ్బా దగ్గర తండ్రి నా పక్కకు వచ్చాడు. గ్లాసులో నీళ్లు పట్టుకున్నాడు.

"ఈడికి దగ్గర్నే మా క్యాంప్ ఉండె" అన్నాడు, రోడ్డు అవతల కనిపిస్తున్న షెడ్ల వైపు చూస్తూ. "నా కింది మంచం మీద మా పక్కూరోడు ఉండెటోడు. సైట్ల పైకెల్లి పైపు జారి తలకాయకు తాకింది. హెల్మెట్ ఉండె. లేసిండు, చాయ్ తాగిండు, సాయంత్రందాంక పని గూడ చేసిండు. రూమ్‌కు వచ్చినంక, బస్ వచ్చిందా అని అడిగిండు. ఇప్పుడే గదరా దిగింది అన్న. మల్ల అడిగిండు. మేమందరం నవ్వినం సిస్టర్. నవ్వి పండుకున్నం."

ఆయన గ్లాసు కడిగి బోర్లించి, కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండో సగంలో అవతలివాళ్లు స్కోరు సమం చేశారు. ఆ తర్వాత బంతి మన గోల్ చుట్టూనే తిరిగింది. కార్నర్ మీద కార్నర్. ఫస్టియర్ కుర్రాడు ఒకటి ఆపాడు, ఇంకోటి ఎలాగో తప్పించాడు. చివర్లో వచ్చిన దానికి అతనూ లేచాడు గానీ ఎత్తు చాలలేదు. బంతి అతని జుట్టు మీదుగా వెళ్లి అవతలి ఆటగాడి నుదుటికి తగిలి వలలో పడింది.

మావాడు లేచే చోటే అది. చూసినవాళ్లందరికీ తెలుసు. కోచ్ చేతిలోని సీసా నేలకేసి కొట్టాడు. మెట్ల మీద మావాడు ముఖం మోకాళ్లలో దాచుకున్నాడు. ఫస్టియర్ కుర్రాడు గోల్ స్తంభం పట్టుకుని ఏడుస్తుంటే నేనే వెళ్లి తీసుకొచ్చాను. నన్నేమీ అనలేదతను. జట్టులో మిగతావాళ్లు నా పక్కనుంచే నడిచి వెళ్లారు, నేనక్కడ లేనట్టు.

రువైస్ ఆడవాళ్లు గెలుపు కోసం తెచ్చిన బిర్యానీని అందరికీ పెట్టారు. కుర్రాడి తల్లి ఒక ప్లేటు నాకూ తెచ్చింది. ప్లేటు నా చేతిలో పెట్టి వదలకుండా పట్టుకుంది.

"ఒక్క ఫోన్ చేస్తె మీ సొమ్మేం పోతుండె సిస్టర్? రెండు వారాలు నా కొడుకు గట్లుంటె నాకు తెల్వకపాయె."

అతను వద్దన్నాడని చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "తినుర్రి, సల్లారిపోతది" అంది. కొడుకుని అటునుంచి అటే రువైస్ తీసుకెళ్లిపోయారు. తిరుగు ప్రయాణంలో డ్రైవరు రేడియో కూడా పెట్టలేదు.

ఆ వేసవిలో కాలేజీ ఆటల విభాగం మూసేసింది. గెలిచి ఉంటే మూసేవారు కాదని కొందరన్నారు, ఎలాగైనా మూసేవారని కొందరన్నారు. ఏది నిజమో నాకిప్పటికీ తెలియదు. కోచ్ దేశం వదిలి వెళ్లేముందు క్లినిక్‌కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గొంతు ఎప్పటికంటే బాగుంది, అరిచే పని లేక.

"నేనైతే ఆడించేవాణ్ణి, సిస్టర్" అన్నాడు.

"తెలుసు సార్."

"ఆ మాట మీతో చెప్పి వెళ్దామనే వచ్చాను." లేచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, వెళ్లిపోయాడు.

కుర్రాడు చాలా రోజులు క్లాసులకు రాలేదు. వచ్చాక కూడా నా గది వైపు రాలేదు. వరండాలో ఎదురైతే తలూపేవాడు. తెలుగు కబుర్లు లేవు. చదువు ముగిసి, సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చిన రోజున మాత్రం తలుపు తట్టాడు. తండ్రి పనిచేసే చోటే ట్రైనీగా చేరాడట. గడ్డం పెంచాడు. నేను కరక్ చాయ్ తెప్పించాను. ఇద్దరం ఊదుకుంటూ తాగాం.

"తలనొప్పి ఎండకాలందాంక ఉండె ఆంటీ" అన్నాడు. "పుస్తకం తెరిస్తె అక్షరాలు ఊగుతుండె. మీకు చెప్పలే."

"ఇప్పుడో?"

"ఇప్పుడేం లేదు. ఫ్రెండ్స్‌తోని ఆడుతున్న గూడ. హెడ్ మాత్రం కొడ్తలేను, అమ్మకు మాటిచ్చిన."

ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. "నా మీద కోపం పోయిందా బాబూ?"

అతను కప్పులోకి చూస్తూ నిజాయితీగా ఆలోచించాడు.

"జెర ఉంది ఆంటీ."

"ఉండనీలే" అన్నాను. అతను నవ్వి, ఇంకో చాయ్ తాగుదామా అన్నాడు.